వాసన

హైదరాబాద్‌లో రోజుకో మందుల కంపెనీ పుడుతున్న రోజులవి. నేను పెంచిన స్ఫటికాల పరీక్ష ఫలితం పట్టుకుని నా పాత విద్యార్థిని షెకినా బీదర్ వచ్చింది. ఫలితం బాగుంటే ఆమె కంపెనీలోనే నాకు ఉద్యోగం. పద్నాలుగేళ్ల తాత్కాలిక లెక్చరర్ బతుకు ముగుస్తుంది.

అచ్చం కవలల్లాంటి రెండు అణువుల్లో మందుకు పనికొచ్చేదాన్నే నా స్ఫటికం తన గూళ్లలో పట్టుకుంటుందని ఆరేళ్లుగా చెబుతున్నాను.

"గూళ్లల్ల మందు లేదు మేడమ్," అంది షెకినా. "అసిటోన్ ఉన్నది."

"ఎట్లుంటది? మందుల ముంచినంక స్ఫటికం బరువు పెరిగింది గదా!"

"కడిగింది అసిటోన్‌తోనే గద మేడమ్. అదే పోయి లోపల కూసున్నది."

కవలలిద్దరినీ గడప బయటే నిలబెట్టి, మురికి కడిగే ద్రవానికి చోటిచ్చిందన్నమాట.

"మీవాళ్లకు చెప్పినవా?"

"పొద్దుగాలనే చెప్పిన."

ఒళ్లు మండింది. "నా దగ్గర చదువుకున్నదానివి. ముందు నాకొక మాట చెప్పొద్దా?"

"అందరికన్న ముందు మీకే చెప్పిన మేడమ్, ఎమ్మెస్సీల ఉన్నప్పుడు. ఈ స్ఫటికాలు వేడిచేస్తే అసిటోన్ వాసనొస్తాందని. 'నీకు జలుబు చేసినట్టుంది, పోయి ఆవిరి పట్టుకో' అన్నరు. క్లాసంత నవ్విన్రు."

నాకు గుర్తులేదు. లేదా, గుర్తుంచుకోవాల్సిన మాటగా అనిపించి ఉండదు.

షెకినా కాగితాన్ని బల్లమీద పెట్టి, నా వైపు చూడకుండా అంది.

"ఫలితం చూసి నిన్న మస్తు ఏడ్చిన మేడమ్. ఇన్నేండ్లు నా ముక్కే తప్పనుకున్న."