తంగేడు 0.98

"మల్ల సున్ననేనా?"

నూరుద్దీన్ ఫ్లాపీని బల్ల మీద విసిరికొట్టాడు. దాని మీద కొత్తగా అంటించిన చీటీలో 'తంగేడు 0.98' అని ఉంది.

యాదలక్ష్మి కీబోర్డు మీంచి తల ఎత్తలేదు. "పోయినసారి తొంభై ఏడుండె గదన్నా. ముందుకే పోయినం."

"గిట్ల పోతే ఒకటి వచ్చేసరికి నా గడ్డం నెరుస్తది!"

నల్లగొండ గడియారం సెంటరులో నూరుద్దీన్‌ది పెళ్లికార్డులు టైపుచేసే దుకాణం. పాలిటెక్నిక్ చదివిన యాదలక్ష్మి అక్కడి కంప్యూటరు మీద రెండేళ్లుగా 'తంగేడు' అనే తెలుగు టైపింగ్ ప్రోగ్రాం రాస్తోంది. దాన్ని ఊరికే ఇవ్వాలని, లోపలి కోడ్ కూడా ఇచ్చెయ్యాలని ఇద్దరూ మొదటిరోజే అనుకున్నారు. జిల్లా ప్రెస్సుల వాళ్ల మీటింగు రేపే. వాళ్లు తంగేడు వద్దంటే, అందరూ కలిసి హైదరాబాదు కంపెనీ ప్రోగ్రాం కొంటారు. ఇక దీని మొహం చూసేవాడుండడు.

"కంపెనోనిది నాలుగో నంబరు. మనం అయిదు పెడదాం. లేకుంటే ఏడు పాయింటు ఎనభై ఆరు, మాకు మంచి నంబరు. బర్కత్ ఉంటది."

"గట్లయితే మా నాయిన నూటపదహారు పెట్టమంటడు."

"నవ్వకు! తిరుమలగిరి ప్రెస్సు బుచ్చయ్య ఏమన్నడో ఎరుకేనా? 'ఇచ్చేది పుక్కట్ల, వచ్చింది సున్న మార్కులు, నాకెందుకు అంటగడుతున్నవ్' అన్నడు!"

మీటింగులో పంచడానికి ఆమె రాసిచ్చిన కరపత్రం చదివేసరికి అతనికి ఇంకా మండింది. 'ఇది పూర్తి కాలేదు. తప్పులుంటే చెప్పండి.'

"బియ్యంల రాళ్లున్నయని ఏ షావుకారన్న బోర్డు పెడతడా?"

"ఉన్నప్పుడు చెప్పాలె గద. 'లక్ష్మి'ల మ ఒత్తు పక్కకు జరుగుతాంది."

"పోయిన నెల ర ఒత్తంటివి. అంతకుముందు ఙ అంటివి. ఙ రాసేటోడు ఈ జిల్లాల ఎవడున్నడు?"

మర్నాడు పొద్దున యాదలక్ష్మి వచ్చేసరికి దుకాణం నెత్తిన పసుపుపచ్చ బట్ట రెపరెపలాడుతోంది. 'పూర్తయింది! తంగేడు 1.0. ఉచితం. కాపీ చేసుకోండి, మార్చుకోండి, పంచుకోండి.'

"ఎవరు మార్చిన్రు?" ఆమె బట్ట వైపు వేలు చూపింది.

"నేనే. కోడ్ ఎవరైన మార్చుకోవచ్చని నువ్వే రాసినవ్. మార్చిన."

"నన్ను అడగకుంటనా?"

"అడగనక్కరలేదని గూడ నువ్వే రాసినవ్!"

ఆమె స్టూలు లాక్కుని పైకెక్కి బట్టను పట్టి గుంజింది. తాడు తెగలేదు.

"దిగు! బస్టాండు కాడ ఇంకోటి కట్టించిన, దాన్ని గూడ చింపుతవా? ముందు తప్పేడుందో చూపెట్టు."

ఆమె బట్ట వదల్లేదు. నూరుద్దీనే కంప్యూటరు ముందు కూర్చుని 'యాదలక్ష్మి' అని టైపు చేశాడు. మ ఒత్తు ఎక్కడ ఉండాలో అక్కడే, ముచ్చటగా నిలిచింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే.

అతని మొహం ఎర్రబడింది. "అంటే అబద్ధమా? కంపెనోడు నౌకరి ఇస్తనన్నడా? మీటింగు చెడగొట్టమన్నడా?"

"ఛీ! నోటికొచ్చినట్టు మాట్లాడకు!"

"మరెందుకు? పని అయిపోయినంక గూడ కాలేదని ఎందుకన్నవ్?"

ఆమె స్టూలు దిగి మొహం తిప్పుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే ఆమె తండ్రి కాటమయ్య రొప్పుకుంటూ లోపలికొచ్చి నూరుద్దీన్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "బస్టాండు కాడ బట్ట చూసిన సాబూ. నా బిడ్డ చేసేది పూర్తయిందంట గద! ఎంత చల్లని మాట చెప్పినవయ్యా!"

నూరుద్దీన్ కోపం సగం దిగింది. "చూసినవా చెల్లె? ఒక్క బట్టకే మీ నాయిన ఎట్ల ఉరికొచ్చిండో!"

కాటమయ్య కూతురి వైపు తిరిగాడు.

"పని పూర్తయితే పెండ్లికి ఒప్పుకుంటనంటివి, నడువు బిడ్డా."