ఈ ఏటి బ్యాగు

ఆకిఫ్ వచ్చి కూర్చోగానే గోవర్ధన్ బ్యాగును చూసేవాళ్ళే లేకుండా పోయారు.

అందరూ ఆ కొత్త మనిషి జాకెట్ చుట్టూ చేరారు.

మైనం పట్టించిన పాతకాలపు కాటన్ జాకెట్ అది. మోచేతుల దగ్గర రంగు వెలిసింది. కాలర్ మెత్తబడి మెడకు సరిగ్గా ఒదిగిపోయింది.

"ఎన్నేండ్ల కిందిదన్నా?" అడిగాడు కొండల్.

"మా అబ్బాజాన్‌ది. ఆయన పోయినంక నేను తొడుగుతున్న."

గోవర్ధన్‌కు ఒళ్ళు మండిపోయింది. తండ్రి నుంచి వచ్చిన జాకెట్ అట. ఇక దాని ముందు ఎవరి బ్యాగు నిలుస్తుంది?

తనకూ అలాంటి జాకెట్ కావాలని అతను పడని పాట్లు లేవు. కిందటి నెలలోనే ఒకటి కొని, ఉప్పు కాగితంతో రుద్ది, చాయ్ నీళ్ళలో నానబెట్టాడు. అది పాతబడలేదు, పాడైపోయింది.

హిమాయత్ సాగర్ కట్ట మీద ఏటా జనవరిలో ఒక ఆదివారం పొద్దున వీళ్ళంతా కలుస్తారు. అందరికీ ఒకటే పిచ్చి. పాతకాలపు కాన్వాస్ బ్యాగులు, కొండలెక్కేవాళ్ళ బట్టలు. ఎవరి సామాను వాళ్ళు దుప్పటి మీద పెట్టి, ఏ మరక ఎక్కడ పడిందో, ఏ చిరుగు ఎట్లా వచ్చిందో చెప్పాలి. చివరికి చేతులెత్తి ఒకదాన్ని 'ఈ ఏటి బ్యాగు' అంటారు, అది జాకెట్ అయినా సరే. ఎండాకాలం హిమాలయాలకు పోయినప్పుడు దాని సొంతదారే అందరికన్నా ముందు నడుస్తాడు.

రెండేళ్ళుగా ముందు నడుస్తున్నది తొండుపల్లి గోవర్ధనే.

ఊరి పక్కన ఎయిర్‌పోర్ట్ వచ్చాక అతను కార్లు కిరాయికి తిప్పుతున్నాడు. వారమంతా ఎవరెవరి సామానో డిక్కీలో పెట్టి, సార్ సార్ అంటూ ఉంటాడు. ఇక్కడ మాత్రం డాక్టర్లు, ఇంజనీర్లు అతన్ని 'గోవర్ధనన్నా' అంటారు. ఆ పిలుపు కోసం అతను ఏమైనా చేస్తాడు.

చేశాడు కూడా. ఆ బ్యాగు అతను ఇంటర్నెట్‌లో కొన్నప్పటికే పాతది. మరకలూ చిరుగులూ దాంతోపాటే వచ్చాయి. కథలు మాత్రం గోవర్ధన్ సొంతం.

"ఈ చిరుగెట్ల వచ్చిందన్నా? కొండ మీదనా?" ఆకిఫ్ జాకెట్ చూపిస్తూ కవిత అడిగింది. ఈ కూడికలు నడిపేది ఆమే. ఆమె ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫోటోలు చూసే ఆకిఫ్ వచ్చాడు.

"లేదక్కా. సాతంరాయి కాడ స్కూటర్ మీదికెల్లి పడ్డ."

అందరూ హాయిగా నవ్వారు. మంచు తుఫాన్ల గురించి గోవర్ధన్ ఎంత చెప్పినా ఎవరూ అతనికి అంత దగ్గరగా జరగలేదు. ఈయన స్కూటర్ మీంచి పడితే జరిగారు.

"జర గోవర్ధనన్న బ్యాగు కూడ చూడు," అంది కవిత.

ఆకిఫ్ దాన్ని రెండు చేతులతో అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అడుగున నీలం గుడ్డతో వేసిన అతుకును బొటనవేలితో నిమిరాడు.

"ఇదెట్ల చినిగిందన్నా?"

గోవర్ధన్ గొంతు సవరించుకున్నాడు.

"మంచుల జారిన. రాయి తగిలి చినిగింది. డేరాల టార్చిలైట్ పెట్టుకొని నేనే కుట్టుకున్న."

ఆకిఫ్ ఆ కుట్లను ఒక్కొక్కటిగా చూశాడు.

"మంచిగ కుట్టినవన్నా," అన్నాడు.

వెటకారమే అనుకున్నాడు గోవర్ధన్. పొద్దుటి నుంచీ అణచుకున్న కోపమంతా నోట్లోకి వచ్చేసింది.

"ఇంతకు ఆ జాకెట్ మీ అబ్బాజాన్‌దేనా? జుమ్మేరాత్ బజార్ల కొన్నవా? ఎవడో తొడిగి ఇడిసింది తెచ్చి నాదంటే నమ్మేటోళ్ళు లేరు ఈడ."

పైన ఒక విమానం దిగుతోంది. ఆ చప్పుడు పోయేదాకా ఆకిఫ్ ఆగాడు.

"గట్లనే అనుకో అన్నా."

"అన్నా, గదేం మాట?" కవిత గోవర్ధన్‌ను కసిరింది. "ఇగ చేతులెత్తుండ్రి."

సగం మంది జాకెట్‌కు ఎత్తారు. సగం మంది పాత అలవాటు కొద్దీ బ్యాగుకు ఎత్తారు. ఆకిఫ్ ఒక్కడే మిగిలాడు. గోవర్ధన్ అతని చేతుల వైపే చూశాడు.

"నువ్వు కూడ ఎత్తాలె భాయ్. నీదానికి నువ్వు ఎత్తుకోవచ్చు," అన్నాడు కొండల్.

ఆకిఫ్ చెయ్యెత్తాడు.

"బ్యాగుకే," అన్నాడు.

గోవర్ధన్ గెలిచాడు.

"భయపడ్డడు," అని కొండల్ చెవిలో ఊదాడు. కొండల్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కట్ట కింద కారు హారన్ మోగింది.

"మా చెల్లె లుబ్నా. జెద్దాల నౌకరీ దొరికింది, ఇయ్యాలనే పోతున్న," అంటూ ఆకిఫ్ అందరికీ సలాం చెప్పి దిగిపోయాడు.

ఓడిన మనిషి మొహం ఇంకోసారి చూడాలనిపించింది గోవర్ధన్‌కు. బ్యాగు భుజాన వేసుకుని వెనకే దిగాడు.

ఆకిఫ్ అప్పటికే కార్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. డిక్కీ వేస్తున్న లుబ్నా గోవర్ధన్ భుజం వైపు చూసింది. ఆమె మొహం విప్పారింది.

"ఈ బ్యాగు కొన్నది మీరేనా అన్నా? ఆ నీలం గుడ్డ నా దుపట్టాది. నేనే కుట్టిన."

గోవర్ధన్ చెయ్యి ఆ అతుకు మీదికి పోయింది.

"మోకాలు చెడినంక భాయ్ కొండలెక్కుడు బందువెట్టిండు," ఆమె గొంతు తగ్గించింది. "ఇంట్ల ఉంటే దానికి బూజు పడ్తదని అమ్మేసిండు. మీరు దాన్ని మళ్ళ కొండలకు తీస్కపోతున్నరని ఫోటోలల్ల చూసి మస్తు ఖుషీ అయిండు. కొన్నాయనకు ఒక్కసారి షుక్రియా చెప్పి పోత అని, విమానం ఎక్కే ముందు ఇటు వచ్చిండన్నా."