ఇంట్లో తెలుగు బంద్

“ఇంగ్లిషులో మళ్లీ మార్కులు పోయాయి నాన్నా,” అంది కూతురు, బడి సంచీ భుజం మీంచి దించకుండానే. “పాఠం చదివి మాటలకి అర్థాలు రాయమంటే ఒక్కటీ తట్టలేదు. పబ్లిక్ పరీక్షలోనూ ఇలాగే రాస్తే కాలేజీ సీటు మీద ఆశ వదులుకోమన్నారు మేడమ్.”

తండ్రిది కళ్లద్దాల షాపు. ఇంటికి తెచ్చుకున్న ఫ్రేముకి మర బిగిస్తున్నవాడల్లా ఆగిపోయాడు. వంటగదిలో అప్పుడే అత్తాకోడళ్ల యుద్ధం మొదలైంది. కిటికీ తెరిస్తే దుమ్మని ఒకరు, మూస్తే ఉక్కపోతని ఒకరు.

“మరి దీనికి మందేమిటిట?” అన్నాడు గొంతు పెంచి. ఆ ఇంట్లో గొంతు పెంచకపోతే వినపడదు.

“పరీక్షలయ్యేదాకా ఇంట్లో అందరూ ఇంగ్లిషే మాట్లాడాలట. చెవిన పడుతూ ఉంటే మాటలు వాటంతటవే వస్తాయట.”

తండ్రి లేచి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. “ఈ క్షణం నుంచి ఈ ఇంట్లో తెలుగు బంద్! నోరు జారినవాళ్లు ఆ పూట అంట్లు తోమాలి.”

“ఒరేయ్, నాకు ఇంగ్లిషెక్కడ వచ్చురా?” అంది నానమ్మ బెదిరిపోయి.

“పిల్ల భవిష్యత్తమ్మా. వచ్చిన రెండు ముక్కలతోనే సర్దుకో.”

మొదటి పూట అంట్లు ఆయనే తోమాడు. వేడి టీ ఒళ్లో ఒలికి “అమ్మో!” అన్నాడు. అది భాష కాదు, కేక అని వాదించబోయాడు గానీ వాదన కూడా తెలుగులోనే వచ్చింది. భార్య పీచు చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున్నే నానమ్మ వంటగదిలోకి వచ్చేసరికి కిటికీ బార్లా తెరిచి ఉంది.

“విండో!” అంది.

“ఎయిర్!” అంది కోడలు.

“డస్ట్!”

“ఎయిర్!”

ఇద్దరూ అక్కడ ఆగిపోయారు. నానమ్మ నాలుక చివరికి కోడలి పుట్టిల్లు వచ్చింది గానీ, పుట్టింటిని ఇంగ్లిషులో ఏమంటారో తెలియదు. మనవరాలిని పిలిచి సైగలతో అడిగింది.

“మదర్స్ హౌస్, గ్రానీ.”

“మదర్స్ హౌస్...” నానమ్మ నోట్లో వేసుకుని నమిలి చూసింది. ఉప్పూ లేదు, కారమూ లేదు. పుట్టింటిని లాగకుండా దెబ్బలాట ముందుకెలా సాగుతుంది? పోయి కుర్చీలో కూలబడింది.

కోడలి పరిస్థితీ అంతే. కడుపులో మాటలన్నీ గొంతుదాకా వచ్చి, ఇంగ్లిషు చెక్‌పోస్టు దగ్గర లారీల్లా బారులు తీరేవి. ఒక్కటీ దాటేది కాదు.

ఇంట్లో గోడ గడియారం చప్పుడు చేస్తుందన్న సంగతి అందరికీ అప్పుడే తెలిసింది.

సాయంత్రాలు కూతురు పాఠాలు పైకి చదివేది. తుఫానులో చిక్కుకున్న పడవ మీదొకటి, రాణి ఈగని పోగొట్టుకున్న తేనెపట్టు మీదొకటి. అర్థం అయినా కాకపోయినా అత్తాకోడళ్లిద్దరూ కదలకుండా వినేవారు. కొత్త మాట వస్తే ఆ పిల్ల నటించి చూపించాలి. ‘స్టబర్న్’ అంటే ఏమిటో చెప్పడానికి కాళ్లు నేలకి తన్నిపెట్టి, మొండికేసిన గాడిదలా నిలబడింది. అత్త కోడలి వైపు వేలు చూపింది. అదే సమయానికి కోడలు అత్త వైపు చూపింది. ఆ తర్వాత ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుకి జరిమానా లేదు కదా!

తండ్రి షాపు కట్టేసి పెందలాడే ఇంటికి రావడం అలవాటు చేసుకున్నాడు.

పరీక్షలు అయిపోయాయి. ఇంగ్లిషు పేపరు నల్లేరు మీద నడకలా సాగిందంది కూతురు. ఆ సంబరంలో తండ్రి, “ఇక ఎవరిష్టం వచ్చినంత వాళ్లు తెలుగు మాట్లాడుకోవచ్చు!” అని ప్రకటించేశాడు.

“అయితే ఇన్నాళ్లూ కిటికీ తీసి నా నోట్లో దుమ్ము కొట్టింది చాలక...” అని అందుకుంది నానమ్మ.

“మా పుట్టింటిని మదర్స్ హౌస్ అన్నది నేను మర్చిపోతాననుకున్నారా అత్తయ్యా?” అని ఎదురెళ్లింది కోడలు. నిలవ ఉన్న సరుకంతా ఒక్కసారే దిగింది. ఆయన చెప్పులేసుకుని షాపుకి పారిపోయాడు.

మర్నాడు ఇంగ్లిషు మేడమ్ అద్దాలు మార్పించుకోవడానికి షాపుకొచ్చింది. ఆయన ఎదురెళ్లి కుర్చీ వేశాడు. “మీ సలహాతో మా అమ్మాయి గట్టెక్కింది మేడమ్!”

“ఏం సలహా?”

“అదే, ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడమన్నారుగా. మార్కులు పోయినప్పుడు.”

మేడమ్ కళ్లద్దాలు తీసి ఆయన్ని వింతగా చూసింది. “మీ అమ్మాయికి మార్కులు పోవడమేమిటండీ? ఇంగ్లిషులో క్లాసంతటికీ తనే ఫస్టు. వెనకబడ్డవాళ్లకి కొత్త మాటలు నేర్పేది కూడా తనే. ఒక్కసారి మాత్రం, ఇంట్లో గోలకి ఏ పుస్తకం తెరిచినా బుర్రకెక్కడం లేదు మేడమ్, అని ఏడ్చింది. మీ ఇంటి గొడవలో నేనేం వేలు పెట్టను? నీ తెలివితేటలు నువ్వే వాడుకో అన్నాను.”

ఆ సాయంత్రం ఆయన వీధి మలుపు తిరగ్గానే ఇల్లు వినపడింది. ఈసారి తగువు ఫ్యాను మీద. లోపల కూతురు కాలేజీ ప్రవేశ పరీక్ష పుస్తకం ముందు, రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చుంది.

ఆయన ఆ వేళ్లు చెవుల్లోంచి తీయించి, “మీ మేడమ్ షాపుకొచ్చారు,” అన్నాడు.

పిల్ల ముఖం పాలిపోయింది. తల దించుకుంది.

ఆయన ఆ తల మీద ఒక్కసారి చెయ్యి వేసి, తిన్నగా వంటగది గుమ్మంలోకి వెళ్లి గొంతు సవరించుకున్నాడు.

“ఇద్దరూ వినండి! పిల్ల ఇంగ్లిషు ఇంకా చాలా వెనకబడి ఉందని మేడమ్ బెంగపడుతున్నారు. డిగ్రీ చేతికొచ్చేదాకా ఈ ఇంట్లో తెలుగు బందేనట!”