చివరి సంతకం

"ఛీ! పందులు కూడా ఇలా ఉండవు!" గెర్నోట్ ముక్కు మూసుకున్నాడు.

చలికాలపు సెలవులకు కారులో మూడు దేశాలు తిరిగొస్తున్న మొగుడూ పెళ్ళాలు. కారు లోయలో వదిలి, నాలుగు గంటలు మంచులో ఎక్కి ఈ కొండగుడిసె చేరారు. లోపల గిన్నెలో బూజు పట్టిన నూడుల్స్, పొయ్యి నిండా బూడిద, మూలన కంపు కొట్టే చెత్త బకెట్టు. కట్టెపుల్ల ఒక్కటి లేదు.

ఈ గుడిసెకు తాళం ఉండదు. ఉండి వెళ్ళేవాళ్ళు శుభ్రం చేసి, తర్వాత వచ్చేవాళ్ళకు కట్టెలు కొట్టిపెట్టి, పుస్తకంలో సంతకం చేసి వెళ్ళాలి.

"వియన్నా పట్నం వాళ్ళయ్యుంటారు. కొండంటే వాళ్ళకేం తెలుసు!" అన్నాడు గెర్నోట్.

అతని భార్య ఎల్ఫి ఆ సంతకాల పుస్తకం అందుకుంది.

"అదెందుకిప్పుడు? ముందు నిప్పు రాజేద్దాం."

"దేంతో?"

చివరి సంతకం నవంబరుది. పక్కనే "స్వర్గం!" అని రాసి ఉంది. ఆ వంకర గీతల రాత ఆమెకు తెలుసు.

"గెర్నోట్, ఇది నువ్వూ నీ ఫ్రెండ్సూ వచ్చినప్పటిది."

అతను చేతితొడుగులు సర్దుకున్నాడు. "ఆ రోజు తొందరలో ఉన్నాం. అయినా తర్వాత వచ్చేది నువ్వేనని నేను కలగన్నానా?"

"నేను కాకపోతే?"

"ఎవరో పరాయివాళ్ళు! చాల్లే, ఆ పేజీ చింపి, ఇవాళ్టి తేదీ వేసి మన పేర్లు రాయి."

ఆమె పేజీ చింపలేదు. మూలనున్న గొడ్డలి తీసి అతని చేతిలో పెట్టింది. పుస్తకంలో అతని సంతకం కిందే తేదీ వేసి రాసింది:

"వచ్చింది ఎల్ఫి. ఒక్కతే."