తుపాకీ విచారణ

“ఇంట్ల దిమాగ్ మంచిగ లేనోళ్లు ఎవరన్న ఉన్నరా సార్? ఇది గూడ రాయాలె,” అన్నాడు తుపాకీ లైసెన్సు విచారణకు అశోక్‌నగర్ వచ్చిన హెడ్‌కానిస్టేబుల్ ఆశన్న.

“ఎవరూ లేరు,” అన్నాడు మూర్తి. నారాయణగూడలోని అతని నగల దుకాణంలో దొంగలు పడి నెల కాలేదు.

కాఫీ తెచ్చిన అతని భార్య హైమవతి తలవంచుకుంది.

పక్కగది తలుపు తెరుచుకుంది. పాతికేళ్ల కొడుకు సుధీంద్ర గడపలో నిలబడ్డాడు.

“నేనున్నాను కదా నాన్నా.”

“నీకు నయమైపోయిందిరా! మూడు నెలలుగా నవ్వుతూ తిరుగుతున్నావు!”

“మీరు దిగులు పడతారని నవ్వుతున్నాను. చచ్చిపోవాలన్న ఆ ఆలోచన ఇంకా పోలేదు నాన్నా. తుపాకీ ఇంట్లోకి తేకండి. నా మీద నాకే నమ్మకం లేదు.”

మూర్తికి భోజనాల దగ్గర వాడు చెప్పిన జోకులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఆశన్న తాను రాసిన కాగితం చింపేశాడు. కొత్తదాని మీద ఒక్క వాక్యం రాసి ముందుకు జరిపాడు: ‘అర్జీదారు తనంతట తానే దరఖాస్తు వాపసు తీసుకున్నారు.’

“పిలగాని పేరు యాడ గూడ రాయలే సార్. జర సంతకం పెట్టుండ్రి.”

మూర్తి సంతకం పెట్టి, సోఫాలో పక్కకు జరిగాడు.

“రారా, నా దగ్గర కూర్చో,” అన్నాడు కొడుకుతో. “నవ్వక్కర్లేదు.”