తోక చివర బెజ్జం

"నేను సంతకం పెట్ట" అంటూ జాహెదా కాగితాన్ని బల్ల మీద అవతలికి తోసేసింది.

వకీలు ముకుంద్ దాన్ని మళ్లీ ఇవతలికి తోశాడు. ఇలాంటి మొండివాళ్లను అతను చాలామందినే చూశాడు. కార్వాన్ సందులోని ఆమె రిపేరు కొట్టులో ఉన్న పన్నెండు గేమ్ కంట్రోలర్లూ తన కంపెనీ కొత్త కంట్రోలర్‌కు నకళ్లన్నాడు. ఒప్పుకుని అప్పగిస్తే సరేసరి, లేదంటే సాయంత్రానికల్లా కొట్టుకు తాళం పడుతుందన్నాడు.

"నకలా? మా తమ్ముడు ఉమర్‌కు ఒక్కటే చెయ్యి సార్. వాడు ఒళ్లో పెట్టుకుని ఆడాలని చేసిన. ఆరేండ్ల కింద మొదటిది ఇంట్ల దొరికిన చెక్కతోని చేసి మీ కంపెనీ పోటీకే పంపిన. గిదేం సామాను అని నవ్విండ్రు. వాపస్ గూడ ఇయ్యలే."

అలాంటిది వచ్చినట్టు రికార్డుల్లో లేదన్నాడు ముకుంద్. సంచిలోంచి కంపెనీ కంట్రోలర్ తీసి ఆమె చేసినదాని పక్కన పెట్టాడు. రెండూ గుండ్రంగా ఉన్నాయి. రెండింటికీ పొట్టి తోక, తోక చివర బెజ్జం.

"ఆఖరికి బెజ్జం కూడా వదల్లేదమ్మా నువ్వు."

జాహెదా ఆ బెజ్జంలో వేలు పెట్టి చూసింది. అతను వచ్చాక మొదటిసారి నవ్వింది.

"ఇది దేనికి సార్?"

"లోపలి వేడి పోవడానికి. మా ఇంజనీర్ల రెండేళ్ల కష్టం."

"గదే మాట రాసి మీరు సంతకం పెట్టుండ్రి. నా సంతకం సంగతి తర్వాత చూద్దాం."

బెజ్జం తమదేనని రాసివ్వడానికి ఏం భయం? ముకుంద్ అక్కడికక్కడే రాసి సంతకం గీకాడు. జాహెదా ఆ కాగితాన్ని మడిచి భద్రంగా దాచుకుంది. కొట్టు వెనకాలే వాళ్ల వంటిల్లు. అటు తిరిగి కేకేసింది.

"అమ్మీ, చేతిల ఉన్నది ఉన్నట్టే పట్కరా."

పిండి చేతులతో తల్లి వచ్చింది. తెచ్చినదాన్ని రెండు కంట్రోలర్ల మధ్య పెట్టింది. గుండ్రటి చెక్క. పొట్టి పిడి. పిడి చివర, గోడమేకుకు తగిలించే బెజ్జం.

ముసలామె కంపెనీ కంట్రోలర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, ముకుంద్‌ను ఎగాదిగా చూసింది.

"జత రొట్టె పీటల్ల ఒకటి పోయిందని ఆరేండ్ల సంది దేవులాడుతున్న. పట్కపోయింది నువ్వేనా బిడ్డా?"