జింక మానేసిన మేత

ఒక అడవిలో ఏటా పరుగుపందెం జరిగేది. రెండేళ్లు వరసగా రెండోస్థానంలో వచ్చిన జింకతో, దానికి పరుగు నేర్పే కొంగ అంది: "కాస్త ఒళ్లు తగ్గితే నువ్వే మొదటిదానివి."

జింక సాయంత్రం మేత మానేసింది. తర్వాత పొద్దుటి మేతా మానేసింది. ఆ ఏడు నిజంగానే గెలిచింది. "ఎంత నాజూగ్గా అయ్యావే!" అని అందరూ మెచ్చుకున్నారు. అప్పటినుంచి పచ్చగడ్డి చూస్తేనే దానికి భయం.

మరుసటి ఏడు పందెం మధ్యలో కాళ్లు తేలిపోయి కూలబడింది. కొంగ, గెలిచిన కుందేలు దగ్గరికి ఎగిరిపోయింది.

ముసలి ఏనుగు ఒకటి లేతగడ్డి పెరికి తెచ్చి జింక ముందు పెట్టింది.

"తింటే ఓడిపోతాను, అవ్వా."

"ఓడిపో తల్లీ. తిని ఓడిపో."

జింక ఏడుస్తూనే ఒక్క పరక నోట పెట్టుకుంది. అది నమిలి మింగేదాకా ఏనుగు పక్కనే నిలబడింది.